గెలిపించిన గుర్తు, నిలుపుకొనవలసిన మాట

ఓటు వేయుట యనగా ఒక వస్తువును దానమిచ్చుట కాదు. నమ్మి యొకరి చేతిలో నుంచుట. దానమిచ్చిన దానిపై దాతకు మరల హక్కు లేదు. నమ్మి యుంచిన దానిపై నుంచినవానికి హక్కు పోదు. పెద్ద చదువులు చదువని పల్లెటూరివారు సైతము ఈ భేదమును సహజముగా నెరుగుదురు. తాము ఒకరి యింట దాచుకొనిన సొమ్ము తమతో చెప్పకయే మరొకరి పెట్టెలోనికి పోయినప్పుడు వారేమనుకొందురో, తమ యోటుతో గెలిచినవాడు తమతో మాటమాత్రమైన చెప్పక మరొక పక్షపు బల్లపై కూర్చుండినప్పుడును అదే యనుకొందురు. శాసనసభలపైనను, పార్లమెంటుపైనను, రాజకీయ నాయకులపైనను ప్రజలకు నమ్మకము సన్నగిల్లుచున్నదని విచారించువారు మొట్టమొదట ఆలోచింపవలసినది ఈ చిన్న విషయమును గూర్చియే.

వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు రహదారిపై మరిపెడ యున్నది. మరిపెడ బంగ్లా యని దానికి వాడుకపేరు. చుట్టును తండాలు, మిరప చేలు, పత్తి చేలు. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదై, ఆ యేటి అక్టోబరులో మహబూబాబాదు జిల్లా యేర్పడగా దానిలో చేరినది. 2018 లో పురపాలక సంఘమైనది. శాసనసభకు డోర్నకల్ నియోజకవర్గములోను, లోకసభకు మహబూబాబాదు నియోజకవర్గములోను ఈ యూరి యోట్లు చేరును. రెండు స్థానములును షెడ్యూల్డు తెగలవారికి కేటాయింపబడినవే.

2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు వాగు పొంగి, మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచెత్తినది. పురుషోత్తమాయగూడెము వద్ద వంతెన దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయినవి. రెండు దినముల తరువాత ముఖ్యమంత్రి స్వయముగా ఆ తండాకు వచ్చి బాధితులను చూచిరి. విపత్తు వచ్చిన నాడు పెద్దలు వత్తురు, పత్రికలవారు వత్తురు, దేశము చూచును. కాని విపత్తులేని దినములే సంవత్సరములో నెక్కువ. ఆ దినములలో వాగు కట్టకు మట్టి పడవలెనన్నను, బడికి గది కావలెనన్నను, తండాకు దారి వేయవలెనన్నను, రాజధానిలో ఆ మాట పలుకుటకు తండావారికున్న నోరు ఒక్కటే. అది వారెన్నుకొనిన సభ్యుని నోరు. ఆ నోరు ఎవరికి జవాబుదారి యన్నదే ప్రజాస్వామ్యములోని అసలు ప్రశ్న.

డోర్నకల్ ఓటర్లు ఈ ప్రశ్న నెదుర్కొనకపోలేదు. 2014 ఎన్నికలలో వారు శ్రీ రెడ్యానాయక్ గారిని కాంగ్రెసు గుర్తుపై గెలిపించిరి. గెలిచిన పిదప ఆయన తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరిరి. 2018 లో ఆ సమితి పక్షమున నిలువగా ఓటర్లు ఆయననే మరల నెన్నుకొనిరి. 2023 లో నిలువగా ఓడించి, కాంగ్రెసు అభ్యర్థిని గెలిపించిరి. ఇందు ఓటర్ల తీర్పులో దోషమెన్న నెవరికిని హక్కు లేదు. 2018 లో వారు ఆయనను మన్నించిరనవచ్చును, మెచ్చుకొనిరనవచ్చును. కాని ఆ నడుమ నాలుగేండ్ల పాటు, తాము వేసిన గుర్తు ఒకటియు, తమ పేరిట సభలో కూర్చున్న గుర్తు మరొకటియునై యుండినప్పుడు, వారినెవరును అడుగలేదు. ఎన్నికనాడు వచ్చిన సమ్మతి, మార్పునాడు అడుగని లోపమును పూడ్చదు.

ఇది డోర్నకల్ ఒక్కదాని కథ కాదు. ఒక్క పార్టీ కథయును గాదు. 2014 మొదలు 2019 వరకు నడచిన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వై.యస్.ఆర్. కాంగ్రెసు గుర్తుపై గెలిచిన 23 మంది తెలుగుదేశమునకు పోయిరి. 2017 లో వారిలో నలుగురు మంత్రులైరి. 2019 జూనులో తెలంగాణలో కాంగ్రెసునకు మిగిలిన 18 మంది సభ్యులలో 12 మంది కలిసి తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనమైరి. 2023 డిసెంబరులో అధికారము చేతులు మారినది. భారత రాష్ట్ర సమితియని పేరు మార్చుకొనిన ఆ పార్టీకి 39 స్థానములు దక్కగా, అనంతరము ఆ సభ్యులలో పదిమంది కాంగ్రెసు వైపు పోయిరని ఫిర్యాదులు వచ్చినవి. నిన్న స్వాగతము పలికినవారు నేడు నేరమనుచున్నారు. నిన్న నేరమన్నవారు నేడు స్వాగతము పలుకుచున్నారు. పేర్లు మారినవి, పక్షములు మారినవి. కండువా కప్పు పద్ధతి మాత్రము మారలేదు.

ఈ జాడ్యమునకు మందు వెదకవలెనని పార్లమెంటులో తొలుదొలుత పట్టుబట్టినవారిలో ఒక తెలుగువాడుండుట గమనింపదగినది. 1967 సార్వత్రిక ఎన్నికల తరువాత అనేక రాష్ట్రములలో కాంగ్రెసు బలము సడలెను. ఒకరిద్దరు సభ్యులు అటునిటు మారినంతనే ప్రభుత్వములు కూలుచుండెను. హర్యానాలో గయాలాల్ అను సభ్యుడు పక్షము రోజులలో మూడుమార్లు పార్టీ మారగా, ‘ఆయారాం గయారాం’ అను మాట దేశమంతట సామెత యయ్యెను. ఆ యేడు ఆగస్టులో నంద్యాల సభ్యులైన శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్య లోకసభలో ఒక తీర్మానమును ప్రతిపాదించిరి. ఫిరాయింపుల సమస్యను పరిశీలించుటకు వివిధ పార్టీల ప్రతినిధులతోను, రాజ్యాంగ నిపుణులతోను ఉన్నతస్థాయి సంఘము నేర్పరుపవలెనని దాని సారాంశము. ఆయన పాలకపక్షమునకు చెందినవారే. డిసెంబరు 8న సభ దానిని ఆమోదించెను. దాని ఫలితముగా హోంమంత్రి శ్రీ వై.బి. చవాన్ అధ్యక్షతన సంఘ మేర్పడెను.

ఆ సంఘము బయటపెట్టిన లెక్కలు విద్యార్థులు గుర్తుంచుకొనదగినవి. మొదటి సార్వత్రిక ఎన్నికలనుండి నాలుగవ ఎన్నికల వరకు గల కాలమంతటిలో ఇంచుమించు 542 ఫిరాయింపులు జరిగినవి. 1967 మార్చి మొదలు 1968 ఫిబ్రవరి వరకు, పండ్రెండు నెలలలోనే, 438 జరిగినవి. రాష్ట్రములలో అట్లు మారిన 210 మందిలో 116 మంది, తమ ఫిరాయింపులవలన నిలిచిన ప్రభుత్వములలోనే మంత్రులైరి. సిద్ధాంతము మారి పక్షము మారినదా, పదవికొరకు మారినదా యని వాదింప నక్కరలేకుండ ఈ చివరి సంఖ్యయే సమాధానము చెప్పుచున్నది.

మందు తెలిసినను మ్రింగుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. 1973 లో నొకసారి, 1978 లో నొకసారి రాజ్యాంగ సవరణ బిల్లులు వచ్చినవి. రెండును చట్టము కాలేదు. ఇంతలో 1984 ఆగస్టు 16న హైదరాబాదులో శ్రీ నందమూరి తారకరామారావు ప్రభుత్వమును గవర్నరు రాంలాల్ తొలగించి, శ్రీ నాదెండ్ల భాస్కరరావుచే ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయించిరి. నెలరోజులు రాష్ట్రము అట్టుడికిపోయెను. శాసనసభ్యులను ప్రలోభములనుండి కాపాడుటకై కర్ణాటకకు తరలించి శిబిరములలో నుంచవలసి వచ్చెను. సెప్టెంబరు 16న తారకరామారావు మరల ముఖ్యమంత్రి యైరి. ప్రజలు గెలిచిరి, నిజమే. కాని ప్రజల తీర్పును నిలుపుటకు ప్రజాప్రతినిధులకే కావలి పెట్టవలసి వచ్చుట ఏ సభకును గౌరవము కాదు.

మరుసటి సంవత్సరము 52వ రాజ్యాంగ సవరణ వచ్చెను. 1985 జనవరి చివర రెండు సభలును దానిని ఆమోదించినవి; మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. రాజ్యాంగమునకు పదవ షెడ్యూలు చేరినది. దాని సూత్రము సులభము: గెలిపించిన పార్టీని స్వచ్ఛందముగా విడిచినవాడును, సభలో పార్టీ ఆదేశమునకు, అనగా విప్‌నకు, విరుద్ధముగా అనుమతి లేక ఓటు వేసినవాడును సభ్యత్వమును గోల్పోవును. రాజీనామా పత్రము వ్రాసి యీయకున్నను, నడవడినిబట్టియే పార్టీని విడిచినట్లు ఎంచవచ్చునని సుప్రీంకోర్టు 1994 లో వివరించెను.

చట్టము పుట్టిననాడే దానికి మూడు కంతలుండెను. మొదటిది సంఖ్యకు సంబంధించినది. మూడవవంతు సభ్యులు కలిసి చీలినచో అది ఫిరాయింపు కాదని మొదట వ్రాసిరి. ఒకడు గోడ దూకిన దోషము. మూడవవంతు మంది చేయి చేయి పట్టుకొని దూకిన ధర్మము! ఈ కంతను 2003 నాటి 91వ సవరణ పూడ్చినది. కాని మూడింట రెండువంతుల మంది సమ్మతించినచో విలీనమని గౌరవించు నిబంధన మిగిలిపోయినది. 2019 లో 18 మందిలో 12 మంది పోయినది ఈ ద్వారముననే. ఆ లెక్క సరిగా మూడింట రెండువంతులే యగుట యెవరైనను గమనింపవచ్చును. చీలిక, విలీనములను గూర్చిన మినహాయింపులు రెండును తొలగింపవలెనని లా కమిషను 1999 లోనే సూచించియుండెను. ఒకటి పోయినది, రెండవది నిలిచినది.

రెండవ కంత కాలము. ఫిర్యాదు వచ్చిన పిదప ఎన్నాళ్లలో తీర్పు చెప్పవలెనో షెడ్యూలులో లేదు. సభ ఆయువు అయిదేండ్లు. అయిదేండ్లు గడచిన పిదప వచ్చు తీర్పు, పెండ్లి యైన తరువాత చూచిన ముహూర్తము వంటిది. మూడవ కంత న్యాయనిర్ణేత. తీర్పు చెప్పవలసినవారు సభాపతి. సభాపతి సాధారణముగా పాలకపక్షమువారు. ఫిరాయించినవారు చేరునదియు సాధారణముగా పాలకపక్షమే. 1992 లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ చట్టమును విచారించినప్పుడు, ముగ్గురు సభాపతికి ఈ యధికార ముండవచ్చుననిరి. ఇద్దరు మాత్రము, సభలోని అధిక సంఖ్యాకుల విశ్వాసముపై ఆధారపడిన వ్యక్తి స్వతంత్ర న్యాయనిర్ణేత కాజాలడని భిన్నాభిప్రాయమును వ్రాసిరి. తరువాత గడచిన మూడు దశాబ్దుల అనుభవము ఆ యిద్దరి వైపే మొగ్గినదని చెప్పక తప్పదు.

2020 లో మణిపూరు వ్యాజ్యములో సుప్రీంకోర్టు, అసాధారణ పరిస్థితులలో తప్ప మూడు నెలలలో తీర్పు రావలెననియు, ఈ పనిని సభాపతినుండి తప్పించి స్వతంత్ర ట్రిబ్యునలునకు అప్పగించు విషయమును పార్లమెంటు ఆలోచింపవలెననియు పలికెను. తెలంగాణలోని పదిమంది సభ్యుల వ్యవహారములో 2025 జూలై 31న తీర్పు చెప్పుచు, ఏడు నెలలు దాటినను ఫిర్యాదులపై నోటీసులైనను వెళ్లకపోవుటను న్యాయస్థానము ఎత్తిచూపెను. మూడు నెలలలో నిర్ణయము చేయవలెనని సభాపతిని ఆదేశించెను. ఈ యధికారమును సభాపతియందే యుంచుట నెరవేర్పదలచిన లక్ష్యమును నెరవేర్చుచున్నదా యని పార్లమెంటు పునరాలోచింపవలెనని మరల కోరెను. 1967 లో ఒక తెలుగు సభ్యుడు పార్లమెంటు ముందుంచిన ప్రశ్న, 58 ఏండ్ల తరువాత తెలుగునేలనుండియే మరల పార్లమెంటు ముంగిటికి చేరినది.

ఇందుకు ఎదురువాదము లేకపోలేదు. సభ్యుడు పార్టీకి బానిసయా? అతనికి అంతరాత్మ లేదా? 1774 లో ఇంగ్లండులో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టలు ఓటర్లతో, ప్రతినిధి తన శ్రమనే గాక తన వివేచనను గూడ వారికి సమర్పించుకొనవలెనని వాదించెను. ఆ వాదమునకు బలమున్నది. ఒక బిల్లు తన నియోజకవర్గమునకు హాని చేయునని తోచినప్పుడు, పార్టీని విడువకయే దానికి వ్యతిరేకముగా ఓటు వేయుట ప్రతినిధి ధర్మమే కావచ్చును. మన చట్టములోని వింత యిక్కడనే యున్నది. పట్టపగలు సభలో నిలుచుండి, కారణము చెప్పి, ఒక బిల్లుపై మాత్రమే స్వపక్షముతో భేదించిన సభ్యుని పదవికి ముప్పు కలదు. పక్షమునే మార్చి, కారణము చెప్పకుండ, కాలమును అడ్డము పెట్టుకొనినవాడు మాత్రము అయిదేండ్లు సుఖముగా కూర్చుండవచ్చును. నోరు విప్పినవానిపై కఠినమై, గోడ దూకినవానిపై మెత్తనైన చట్టమునకు సవరణ కావలెను. విప్ యొక్క కఠిన నిబంధనను ప్రభుత్వ మనుగడకు సంబంధించిన విశ్వాస తీర్మానములు, ఆర్థిక బిల్లులు మొదలగు కొన్నిటికే పరిమితము చేయవలెనని దినేశ్ గోస్వామి సంఘము 1990 లోనే సూచించినది.

అంతరాత్మ నిజముగా మారినవానికి గౌరవమైన మార్గమొకటి యెప్పుడును తెరచియే యున్నది. అది రాజీనామా. 2021 జూనులో శ్రీ ఈటల రాజేందర్ తెలంగాణ రాష్ట్ర సమితిని, దానితోపాటు శాసనసభ్యత్వమును విడిచి, భారతీయ జనతాపార్టీ పక్షమున హుజూరాబాదులో తిరిగి నిలిచి గెలిచిరి. 2022 ఆగస్టులో శ్రీ కోమటిరెడ్డి రాజగోపాలరెడ్డి కాంగ్రెసును, శాసనసభ్యత్వమును విడిచి, అదే భారతీయ జనతాపార్టీ పక్షమున మునుగోడులో నిలిచి ఓడిరి. ఈ యుపఎన్నికలలో ధనవ్యయమును గూర్చి వచ్చిన విమర్శలు వేరు సంగతి, అవియు విచారింపదగినవే. కాని మూలసూత్రము మాత్రము స్పష్టము. ఇద్దరును మార్పునకు ముందు ఓటరు నడిగిరి. ఒకచోట ఓటరు సరేయనెను, మరొకచోట కాదనెను. అడిగినప్పుడు ఓటరు తన బుద్ధితో జవాబు చెప్పగలడని ఈ రెండు ఫలితములును కలిసి నిరూపించుచున్నవి.

సభాపతి నిష్పక్షపాతమునకును తెలుగువారివద్దనే ఆదర్శము కలదు. 1967 మార్చిలో లోకసభాపతిగా ఎన్నికైన శ్రీ నీలం సంజీవరెడ్డి, అంతకుముందు మూడు దశాబ్దులకు పైగా తాను సేవించిన కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా చేసిరి. సభాపతి సభకంతటికి చెందినవాడని ఆయన యుద్దేశము. బ్రిటిషు పార్లమెంటులో సభాపతి తన పార్టీ బంధమును తెంచుకొనుట చిరకాల సంప్రదాయము. 1985 లో పదవ షెడ్యూలు వ్రాసినవారును ఈ ద్వారమును మూయలేదు. సభాపతిగా ఎన్నికైనవాడు పార్టీని విడిచినచో అది ఫిరాయింపు కాదని దానిలోనే మినహాయింపు నిచ్చిరి. చట్టము అనుమతించినను ఆ దారిని నడచినవారు అరుదు.

ఇట్లు చూడగా చేయవలసిన సంస్కరణలు అంతుచిక్కనివి కావు. ఫిరాయింపు వ్యాజ్యములపై తీర్పును స్వతంత్ర ట్రిబ్యునలునకో, ఎన్నికల సంఘపు సలహాపై రాష్ట్రపతికో గవర్నరునకో అప్పగించుట ఒకటి. తీర్పునకు గడువు విధించుట రెండు. విలీనపు మినహాయింపును తొలగించుట మూడు. విప్‌ను హద్దులో నుంచుట నాలుగు. అనర్హుడైనవాడు తిరిగి ఎన్నికగువరకు మంత్రి కారాదని 91వ సవరణ ఇప్పటికే చెప్పుచున్నది. కాని అనర్హత నిర్ణయమే కానప్పుడు ఆ నిషేధము ఎవరికిని తగులదు. కాబట్టి గడువే వీటన్నిటికిని కీలకము.

వీటితోపాటు సభ కూర్చుండు దినములును పెరుగవలెను. 1952 లో ఏర్పడిన మొదటి లోకసభ తన కాలములో 677 దినములు సమావేశమైనది. 2019 నుండి 2024 వరకు నడచిన పదునేడవ లోకసభ 274 దినములే సమావేశమైనది. సభలో మాటలాడుటకు, ప్రశ్నించుటకు, వాదించి ఒప్పించుటకు అవకాశము లేని సభ్యునికి మిగులు విలువ తలలెంచునాటి విలువయే. తలకు మాత్రమే విలువ యున్నచోట తలకు వెల కట్టువారును పుట్టుకొని వత్తురు. సభ పనిచేసిననాడు సభ్యునికి పనియుండును, పనియున్నవానికి గౌరవముండును.

బ్రిటనులో 2009 లో పార్లమెంటు సభ్యులు తమ ఖర్చుల పేరిట ప్రజాధనమును దుర్వినియోగము చేసిరని బయటపడినప్పుడు ప్రజాగ్రహము పెల్లుబికెను. ఆ యేడే సభ్యుల ఖర్చులను పరిశీలించు స్వతంత్ర సంస్థ నేర్పరిచిరి. 2015 లో, నిర్ణీతమైన తప్పులకు పాల్పడిన సభ్యుని స్థానమున మరల ఎన్నిక కోరుచు నియోజకవర్గపు ఓటర్లలో పదిశాతము మంది సంతకము చేసినచో ఆ స్థానము ఖాళీయగునట్లు శాసనము చేసిరి. దీనివలన రాజకీయులందరు ఋషులు కాలేదు. కాని తీర్పు తమవారి చేతులలో గాక పరాయి చేతులలో నున్నదన్న యెరుక వారికి కలిగినది. నమ్మకము ఉపన్యాసములతో మరలి రాదు. తప్పు చేసినవాడు తప్పించుకొనలేడని ప్రజలు కన్నులార చూచినప్పుడే మెల్లగా మరలి వచ్చును.

చట్టము ఎంత గట్టిదైనను నడవడి లేనిచో వట్టిదే. ఆ నడవడికి సాక్ష్యములు తెలుగునేలపై లేకపోలేదు. శ్రీ పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటునకు సైకిలుపై పోయిన సంగతి నేటికిని చెప్పుకొందురు. మరిపెడకు ఎంతో దూరము లేని ఇల్లెందునుండి శ్రీ గుమ్మడి నర్సయ్య ఐదుమార్లు శాసనసభకు ఎన్నికై, సైకిలును బస్సును విడువని సామాన్య జీవనముచే పేరొందిరి. ప్రజలు తమ ప్రతినిధి సైకిలెక్కవలెనని పట్టుబట్టుట లేదు. గెలుపునకు ముందు ఎట్టివాడో గెలిచిన తరువాతను అట్టివాడే యై యుండవలెనని మాత్రమే కోరుచున్నారు.

ఈ విషయములో ఉపాధ్యాయులకును విద్యార్థులకును ప్రత్యేకమైన బాధ్యత కలదు. ఎన్నికలనాడు పోలింగు కేంద్రమున కూర్చుండి, తండానుండి నడచివచ్చిన ముసలమ్మ వ్రేలికి సిరాచుక్క పెట్టించునది తరచుగా ఉపాధ్యాయుడే. ఆ చుక్క కొద్ది వారములలో చెరిగిపోవును. అది గుర్తుచేయు ఒడంబడిక అయిదేండ్లు నిలువవలెను. పౌరశాస్త్రపు పాఠములో సభ్యుని అర్హతలు వల్లె వేయించుటతో పని తీరదు. తమ నియోజకవర్గపు సభ్యుడు ఈ సమావేశములలో అడిగిన ప్రశ్న లేవి? సభ ఎన్ని దినములు కూర్చుండినది? తమ యూరి వాగు, తమ బడి, తమ దారి సభలో చర్చకు వచ్చినవా? లోకసభ, శాసనసభల కార్యకలాపములు అచ్చులో నుండునవే, ఎవరైనను చదువదగినవే. పదవ తరగతి విద్యార్థి వీటిని వెదకి వ్రాసి తరగతి గదిలో చదివినచో, మూడేండ్లలో ఓటరు కానున్న ఆ బాలునికి ప్రతినిధి యనగా నెవరో తెలియును. ప్రతినిధికిని, తన్ను గమనించు కన్నులు మరిపెడ తండాలలో గూడ నున్నవని తెలియును.

పార్లమెంటును సంస్కరించుట ఢిల్లీలో జరుగవలసిన పనియే. కాని ఆ పనికి వలసిన ఒత్తిడి ఢిల్లీలో పుట్టదు. ‘మేము వేసిన ఓటు ఎక్కడ నున్నది?’ అని ఊరూర అడుగుట అలవాటైననాడు అది పుట్టును. అడుగు హక్కు ఓటరునకు రాజ్యాంగ మిచ్చినదే. అడుగు ధైర్యమును బడి నేర్పవలెను.